బోర్డు మీద పేరు

యెస్ అనే ఇంగ్లీషు రాక్ బృందం 1968లో లండన్‌లో మొదలైంది. ఇప్పటికీ ఉంది. కచేరీలు చేస్తోంది, ఆల్బమ్‌లు తెస్తోంది. కాకపోతే మొదలుపెట్టిన ఐదుగురిలో ఒక్కరు కూడా ఇప్పుడు అందులో లేరు. బేస్ గిటార్ వాయించే క్రిస్ స్క్వైర్ ఒక్కడే మొదట్నుంచీ ప్రతి ఆల్బమ్‌లోనూ ఉంటూ వచ్చాడు. 2015లో అతనూ పోయాడు. 1972 నుంచి డ్రమ్స్ మీద కూర్చున్న అలన్ వైట్ 2022లో పోయాడు. ఇప్పుడు పాడుతున్న జాన్ డేవిసన్ ఇందులోకి రాకముందు యెస్ పాటల్ని అచ్చం వాళ్ళలాగే పాడే ఒక అనుకరణ బృందంలో ఉండేవాడు. అనుకరించినవాడే అసలువాడయ్యాడు.

పాత రాక్ వినే స్నేహితుల దగ్గర ఈ సంగతి ఎత్తితే చాలు, గొడవ మొదలౌతుంది. "ఇంకా యెస్ ఏంట్రా, అది ఆర్కెస్ట్రా" అని కొట్టిపారేస్తారు. విజయవాడ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి ఈ మాటలో వెటకారం వెంటనే తెలుస్తుంది. ఆర్కెస్ట్రా అంటే మనకి సింఫనీ కాదు. దసరా పందిట్లో, వినాయక చవితి స్టేజీ మీద, కీబోర్డూ ప్యాడ్సూ పెట్టుకుని ఘంటసాల దగ్గర్నుంచి నిన్నటి సినిమా దాకా అన్నీ పాడేవాళ్ళు. పాట వాళ్ళది కాదు, పూటకింతని తీసుకుని పాడిపెడతారు. యెస్ ఇప్పుడు యెస్‌నే అలా పాడిపెడుతోందని మావాళ్ళ అభియోగం.

నన్ను పట్టుకున్నది ఆ అభియోగం కాదు. ఇదే ప్రశ్న కూచిపూడి గురించి ఎవరూ అడగరేం అన్నది.

బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి వస్తుంది. పదిహేడో శతాబ్దంలో తానీషా భామాకలాపం చూసి మెచ్చి ఆ ఊరిని భాగవతులకి రాసిచ్చాడని చెప్పుకుంటారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... అవే ఇంటిపేర్లు, అదే సత్యభామ జడ. మనుషులు మాత్రం ఎన్ని తరాలు మారారో. సత్యభామ వేషానికి మారుపేరైన వేదాంతం సత్యనారాయణ శర్మ, మద్రాసుకి వెళ్ళి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం, ఇద్దరూ 2012లోనే కొన్ని నెలల తేడాతో పోయారు. ఆ మర్నాడు "ఇక కూచిపూడి లేదు, ఉన్నది ఆర్కెస్ట్రా" అని ఎవరైనా అన్నారా? 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాల్ని చూసి, వనారస గోవిందరావుగారు లేకుండా ఇంకా సురభి ఏంటని ఎవరూ నిలదియ్యరు.

ఒక జవాబు సులువుగా దొరుకుతుంది. రాక్ బృందం నలుగురు కుర్రాళ్ళ స్నేహం, మేళం ఒక పరంపర. స్నేహానికి మొహాలుంటాయి, పరంపరకి ఉండవు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ యాభై ఏళ్ళు దాటిన స్నేహం పరంపర కాకుండా ఏమౌతుంది? రోలింగ్ స్టోన్స్‌కి 60 దాటాయి. మన దగ్గర ఏ నాటక సమాజానికైనా అన్నేళ్ళుంటే ప్రాచీనమంటాం, సన్మానాలు చేస్తాం.

మనుషులు మారినా అదే బృందమా అన్న ప్రశ్నకి తత్త్వశాస్త్రం క్లాసులో థీసియస్ ఓడ చూపిస్తారు. ఒక్కొక్క చెక్కా పాడైనకొద్దీ మార్చుకుంటూ పోతే చివరికి అదే ఓడా, వేరే ఓడా అని. ఆ ఓడ ఎక్కడానికి మనం గ్రీసు దాకా పోనక్కర్లేదు. మిలిందుడనే యవన రాజుని నాగసేనుడు అడుగుతాడు: నువ్వు వచ్చిన రథం ఏది? ఇరుసా, చక్రాలా, నొగా? ఇవేవీ కాకపోతే రథమెక్కడ? ఇవన్నీ కలిసినప్పుడు పిలుచుకోడానికి పెట్టుకున్న మాట తప్ప రథమనేది విడిగా లేదని రాజుచేతే ఒప్పిస్తాడు. అదే సంభాషణలో రాత్రంతా వెలిగిన దీపం సంగతీ వస్తుంది. మొదటి జాములో మంటా చివరి జాములో మంటా ఒకటేనా అంటే, అదే అనీ చెప్పలేం, వేరనీ చెప్పలేం. (ఈ బౌద్ధం మనకి పరాయిదేం కాదు. ఘంటసాల అనేది మనందరికీ గొంతు కాకముందు కృష్ణా డెల్టాలో బౌద్ధ స్తూపం ఉన్న ఊరి పేరు.)

నాగసేనుడి జవాబు అందంగా ఉంటుంది కానీ నాకు ఎప్పుడూ కాస్త తప్పించుకున్నట్టే అనిపిస్తుంది. రథం అనేదే లేకపోతే పేచీ లేదు. రథానికి మాత్రం టికెట్ ఉంది. యెస్ అన్న పేరు మీద టికెట్లు అమ్ముతారు, ఆ డబ్బు ఎవరికో వెళ్తుంది, ఎవరికో వెళ్ళదు. అదే బృందమా కాదా అన్నది కబుర్లకి బావుంటుంది. ఆ పేరు వాడుకునే హక్కు ఎవరిది, ఆ పేరు ఎవరికెంత బాకీ అన్నది మాత్రం కబుర్లతో తేలదు.

తేల్చాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. డీప్ పర్పుల్ 1968లో పుట్టింది. మొదటి గాయకుడు రాడ్ ఎవాన్స్. మూడు ఆల్బమ్‌లు పాడాక 1969లో అతన్ని పక్కనపెట్టి ఇయాన్ గిలన్‌ని తెచ్చుకున్నారు. 1976లో బృందమే మూతపడింది. 1980లో ఎవాన్స్, బృందంతో ఏ సంబంధం లేని నలుగుర్ని పోగేసి, డీప్ పర్పుల్ అన్న పేరుతోనే అమెరికాలో, మెక్సికోలో కచేరీలు మొదలుపెట్టాడు. జనం గిలన్ పాటల కోసం వచ్చారు, ఎవాన్స్‌ని చూశారు. వ్యవహారం కోర్టుకెక్కి 6,72,000 డాలర్ల నష్టపరిహారం పడింది. ఆ తర్వాత ఆయన సంగీత ప్రపంచంలోంచే మాయమైపోయాడు.

ఈ కేసు నాకెందుకు ముఖ్యమంటే, ఎవాన్స్ అచ్చమైన వ్యవస్థాపకుడు. మా స్నేహితుల లెక్కన మొదటివాళ్ళుంటేనే అసలు బృందం. ఆ లెక్క ప్రకారం ఒక్క వ్యవస్థాపకుడూ లేని ఇప్పటి యెస్ కంటే ఎవాన్స్ డీప్ పర్పులే ఎక్కువ అసలుది కావాలి. అలా అని ఎవరూ అనరు. అంటే మొదటివాళ్ళు ఉన్నారా లేదా అన్నది కొలమానం కాదు. మరేంటి?

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది: అప్పగింతలు. క్రిస్ స్క్వైర్ జబ్బు పడ్డప్పుడు తన చోట వాయించమని బిల్లీ షేర్వుడ్‌ని తనే అడిగాడు. ఉన్నవాడు వచ్చినవాడి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఎవాన్స్‌కి ఎవరూ ఏమీ అప్పగించలేదు, తనే ఎత్తుకున్నాడు. దీపం ఉపమానంలో నాకు నచ్చేది ఇదే. మంట మారుతూనే ఉంటుంది, మధ్యలో ఆరకుండా ఉంటే చాలు.

మా వైపు పెళ్ళిళ్ళకి వాయించే ఒక బ్యాండు మేళం ఉంది. పేరు రాయను. వ్యాను మీద పెట్టినాయన పేరు ఎర్ర రంగుతో, పక్కన కోరమీసాల ఫొటో. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. వాళ్ళబ్బాయి బేరాలు మాట్లాడతాడు, తనకి వాయించడం రాదు. ఆమధ్య కంకిపాడులో మా బంధువుల పెళ్ళిలో, భోజనాల దగ్గర క్లారినెట్ ఆయన పక్కన కూర్చోవాల్సి వచ్చింది. యూనిఫామ్ జేబు మీద కూడా ఆ పేరే ఉంది. ఆయన్ని చూశారా అని అడిగాను. "లేదండీ, నేను చేరేసరికే పోయారు. మా మాస్టారు ఆయన దగ్గర వాయించారు" అన్నాడు. ఏ పాట ఎక్కడ ఎత్తుకోవాలో, తాళి కట్టే వేళకి ఎలా కలపాలో మాస్టారు చెప్పినట్టే వాయిస్తామన్నాడు. మరి మీ పేరేంటండీ అంటే, కాస్త ఆశ్చర్యంగా చూసి చెప్పాడు. మేళానికి పోసిన పెళ్ళివాళ్ళెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.

అప్పగింతల సిద్ధాంతం ఆయన్ని పూర్తిగా సమర్థిస్తుంది. ఆ బోర్డు పేరుతో వాయించే హక్కు ఆయనకుంది. అయినా ఏదో మిగిలిపోయిందని ఆ పూట నుంచీ అనిపిస్తూనే ఉంది. బోర్డు బతకడానికి ఆయన ఊపిరి కావాలి. ఆయన పేరు మాత్రం బోర్డుకి అక్కర్లేదు.

రాక్ చరిత్రలో ఇలాంటి ఊపిరులు చాలా ఉన్నాయి. రోలింగ్ స్టోన్స్ మొదలైనప్పుడు ఇయాన్ స్టివార్ట్ అందులో పియానో వాయించేవాడు, మొదట్నుంచీ ఉన్నవాడు. 1963లో మేనేజర్ ఆండ్రూ ఓల్డమ్ అతని మొహం, వాలకం బృందానికి నప్పవని తేల్చాడు. స్టివార్ట్ ఫొటోల్లోంచి వెళ్ళిపోయాడు, బృందంలోంచి కాదు. సామాను మోసే వ్యాను నడిపాడు, రికార్డుల్లో పియానో వాయించాడు, 1985లో పోయేదాకా. అదే బృందంలో బిల్ వైమన్ వెళ్ళిపోయాక 1993 నుంచి బేస్ వాయిస్తున్నది డారిల్ జోన్స్. మూడు దశాబ్దాలు దాటింది. వైమన్ ఎంతకాలం వాయించాడో దాదాపు అంతకాలం. ఇప్పటికీ అతను "సభ్యుడు" కాడు, అద్దె వాద్యకారుడే. మా ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగుల మెడలో వేరే రంగు ట్యాగ్ ఉంటుంది. డారిల్ జోన్స్ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ ట్యాగే గుర్తొస్తుంది.

క్లేర్ టోరీ కథ కొంచెం మెరుగ్గా ముగుస్తుంది. 1973 నాటి పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లో, మాటల్లేకుండా గొంతుతోనే ఏడ్చి, అరిచి, శాంతించే ఆ పాట ఆమె అప్పటికప్పుడు పాడింది. ముందు రాసిన స్వరం లేదు. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు, 30 పౌండ్లు ఇచ్చి పంపించారు. 2004లో ఆమె దావా వేసింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇప్పుడు వచ్చే ప్రతుల మీద ఆ పాట రచనలో ఆమె పేరు కూడా ఉంటుంది. ముప్పై ఏళ్ళు పట్టింది. అదీ ఆమె బతికి ఉండి, లాయరుని పెట్టుకోగలిగింది కాబట్టి.

ఇక మన దగ్గరికొద్దాం. జగదేకవీరుని కథ 1961లో వచ్చింది. శివశంకరి పాట తెలియని తెలుగువాళ్ళుంటారనుకోను. పింగళి రాశారు, పెండ్యాల కట్టారు, ఘంటసాల పాడారు. పెండ్యాల నాగేశ్వరరావుది కంకిపాడుకి దగ్గర్లోనే ఉన్న వణుకూరు. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లి. అంటే ఈ పాట ఒక రకంగా మా డెల్టా సొత్తు, అందుకే దీని గురించి మావాళ్ళకి గీర ఎక్కువ. ఆ పాట తెర మీద ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. రామారావు పాడుతూ ఉంటాడు. ఉన్నట్టుండి ఐదుగురు రామారావులౌతాడు. ఒకడు పాడతాడు, ఒకడు వీణ పట్టుకుంటాడు, ఒకడు మృదంగం ముందు కూర్చుంటాడు. మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనం ఇప్పటికీ అబ్బురమే.

చిన్నప్పుడు ఆ దృశ్యం చూసి నోరు తెరిచేవాణ్ణి. ఇప్పుడు చూస్తే వేరే ఆలోచన వస్తుంది. పాట నిజంగా ఎలా తయారైందో దానికి సరిగ్గా తిరగేసిన చిత్రం అది. వీణ ఒకరు వాయించారు, మృదంగం ఇంకొకరు, ఫ్లూటు, వయొలిన్లు వేరేవాళ్ళు. మద్రాసు స్టూడియోలో చాపల మీదో కుర్చీల మీదో కూర్చుని, తప్పు పోతే మళ్ళీ మొదట్నుంచి. వాళ్ళందర్నీ తీసేసి ఆ చోట్లలో ఒకే హీరో మొహాన్ని ఐదుసార్లు అతికించారు. గ్రామఫోన్ రికార్డు లేబుల్ మీద సినిమా పేరు, గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు. మహా అయితే టైటిల్స్‌లో ఆర్కెస్ట్రా అని ఒక్క పేరు. మిగతావాళ్ళు పూట కూలీ తీసుకుని ఇంకో స్టూడియోకి బస్సెక్కారు. నేను పెండ్యాలనీ, ఘంటసాలనీ తగ్గించడం లేదు. ఆ పాటలో పాతిక భాగం వీణదే అని నా చెవి అంటుంది, అంతే.

అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్ళు, ఎవర్ని తప్పుపడతాం అనొచ్చు. అలా చెయ్యని చోటు మా ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే ఉండేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. శాస్త్రీయ సంగీత కచేరీ వస్తే ముందొకసారి, చివరొకసారి అనౌన్సరు చదివేవారు: గాత్రం ఎవరు, వయొలిన్ సహకారం ఎవరు, మృదంగ సహకారం ఎవరు, ఘటం ఉంటే అదెవరు. అన్నవరపు రామస్వామి, దండమూడి రామమోహనరావు అన్న పేర్లు కచేరీకి ఎన్నడూ వెళ్ళని ఇళ్ళలో కూడా తెలిసింది అలాగే. నిలయ విద్వాంసుడంటే నెలజీతం, గ్రేడు, గాలిలో పేరు. అన్నవరపు వారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు "రేడియో రామస్వామిగారా" అన్నారు. సర్కారు ఆఫీసులకి మనం ఎన్ని వంకలైనా పెడతాం గానీ, పక్కవాద్యం వాయించిన మనిషికి పేరుందని రోజుకి రెండుసార్లు గుర్తు చేసింది ఆ సర్కారు ఆఫీసే. అందుకు అయ్యే ఖర్చు పది సెకన్ల ప్రసార సమయం.

కాబట్టి పేరు చెప్పకపోవడం కాలధర్మం కాదు. ఎక్కడికక్కడ ఎవరో తీసుకున్న నిర్ణయం.

ఆ నిర్ణయం ఎంత లోతుకి పాతుకుపోయిందో తెలియాలంటే చట్టం చూడాలి. 1957 కాపీరైట్ చట్టంలో వాద్యకారుడికి హక్కంటూ లేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణతో, ఈ ప్రదర్శన నాది అని పేరు చెప్పించుకునే హక్కు కూడా వచ్చింది. సంతోషించేలోపు అదే సవరణ ప్రదర్శకుడి నిర్వచనం కింద ఒక మినహాయింపు పెట్టింది. సినిమాలో ఎవరి పని యాదృచ్ఛికమో, ప్రాసంగికమో, పరిశ్రమ వాడుక ప్రకారం టైటిల్స్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ ఎవరి పేరు వెయ్యరో, వాళ్ళు ప్రదర్శకులే కారు. తమ పనిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటి మాత్రం మిగిల్చారు. రెండోసారి చదవండి. పేరు వెయ్యడం ఆనవాయితీ కాదు కాబట్టి నువ్వు ప్రదర్శకుడివి కావు. ప్రదర్శకుడివి కావు కాబట్టి పేరు వెయ్యమని అడిగే హక్కు నీకు లేదు. ఏది యాదృచ్ఛికమో తేల్చేది ఎవరన్నది వేరే పేచీ. ప్రోగ్రాములో ఇలాంటిది రాస్తే అనంత చక్రంలో పడి మెషీన్ ఆగిపోతుంది. చట్టం ఆగదు, నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ నా అప్పగింతల సిద్ధాంతానికి గట్టి దెబ్బ తగులుతుంది. అప్పగింత జరిగిందా లేదా అని చూడాలంటే ముందు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో లెక్క ఉండాలి. లెక్క రాసేది బోర్డు చేతిలో ఉన్నవాడు. కూచిపూడినే తీసుకుందాం, పైన అంత ధీమాగా ఉదాహరణ ఇచ్చాను కాబట్టి. కూచిపూడి పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో కొలువైన గోపాలుడి ఊరు. ఆ పదాల్ని మూడు వందల ఏళ్ళు గొంతులో, చేతి వేళ్ళలో, కనుబొమల్లో దాచి ఇంతదాకా తెచ్చిన వాళ్ళలో పెద్ద వాటా కృష్ణా, గోదావరి డెల్టాల కలావంతుల స్త్రీలది. పదాలే కాదు, భామాకలాపం కూడా వాళ్ళు ఆడారు. ఆడవాళ్ళని వేదికెక్కనివ్వని భాగవత మేళం ఒక పక్క, ఆడవాళ్ళే నడిపిన మేజువాణీలు ఇంకో పక్క, ఒకే పంట కాలవ నీళ్ళు తాగాయి. తల్లి నుంచి కూతురికి అప్పగింతలు అక్కడా జరిగాయి.

తర్వాత జరిగింది తెలిసిందే. సంస్కరణ వచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ వ్యవస్థలో దోపిడీ లేదని నేననను, అది పోవాల్సిందే. కానీ వ్యవస్థతో పాటు విద్యనీ వెలివేశారు. గజ్జె కట్టడమే అవమానమైపోయి, ఆ ఇళ్ళలో కూతుళ్ళకి నేర్పడం మానేశారు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే పక్కనున్న అగ్రహారం పేరు తెలుగు శాస్త్రీయ నృత్యం మొత్తానికి పేరైంది. పేరున్న పరంపర మిగిలింది. పేరు లేని పరంపరలో దీపం ఆరిపోయిందన్నారు. ఆర్పిన సంగతి మాత్రం ఎవరూ రాసుకోలేదు. నటరాజ రామకృష్ణ ఆ స్త్రీల దగ్గరికి వెళ్ళి, నేర్చుకుని, ఆంధ్రనాట్యం అన్న పేరుతో కొంత నిలబెట్టారు. బల్లిపాడు సరిదే మాణిక్యమ్మ లాంటి ఒకరిద్దరి పేర్లు మిగిలాయి. ఒకరిద్దరివే.

సత్యనారాయణ శర్మగారు సత్యభామగా అలంకరించుకుని వస్తే మగవాడని ఎవరికీ అనిపించేది కాదని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నాకు ఆయన కళ మీద గౌరవం పోదు. ఆ ఆడతనాన్ని అసలు ఆడవాళ్ళే ఆడిన ఊళ్ళు పదిమైళ్ళ దూరంలో ఉండేవన్న ఎరుక కూడా ఇక పోదు. రెండూ ఒకేసారి మోయాల్సిందే.

మరి ఏం చెయ్యాలి? బోర్డులు పీకెయ్యాలా? అక్కర్లేదు. యెస్ యెస్ గానే పాడనివ్వండి, కూచిపూడి కూచిపూడి గానే ఆడనివ్వండి. నేననేది మన ఊళ్ళలో పొలం పంపకాలప్పుడు ఎవరికైనా తెలిసిన న్యాయమే. తండ్రి పొలం తీసుకున్నవాడు తండ్రి నోట్లు కూడా తీసుకోవాలి. పొలం నాది, అప్పు మాత్రం ముసలాయనది అంటే పెద్దమనుషులు ఒప్పుకోరు. పాత పేరు ఇచ్చే జనం, గౌరవం, టికెట్ ధర మనకి వచ్చినప్పుడు, ఆ పేరు ఎవరెవరి చేతుల మీద నిలబడిందో ఆ బాకీ కూడా మనకే వస్తుంది.

ఈ మాట అంటే ఒక స్నేహితురాలు ఎదురుతిరిగింది. కాలిఫోర్నియాలో ఉద్యోగం, శనివారాలు పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. "కలావంతుల్ని వెళ్ళగొట్టింది నేనా? మా అమ్మమ్మ పుట్టకముందు జరిగినదానికి నన్నెందుకు దోషిని చేస్తావు?" అంది. దోషిని చెయ్యడం లేదు. నేరం చేసినవాడితోనే పోతుంది, అప్పు అలా పోదు. రెండూ ఒకటేనని అనుకోవడం వల్లే ఇలాంటి సంభాషణలన్నీ కొట్లాటలౌతాయి. నువ్వేం తప్పు చేశావని ఎవరూ అడగరు. పిల్లలకి క్షేత్రయ్య పదం నేర్పేటప్పుడు, ఇది మన దాకా ఎవరు తెచ్చారు అన్నచోట ఏం చెప్తున్నావు అని అడుగుతారు. ఆమె కాసేపు ఆగి, సిద్ధేంద్ర యోగి అని మొదలుపెడతామని చెప్పింది. అక్కడితో టాపిక్ మార్చాం.

ఇంకో అభ్యంతరం దీనికంటే కష్టమైనది. చాలామంది వాద్యకారులు పేరు కోరుకోలేదు. కాల్షీటు, ఇంటద్దె, పిల్లల ఫీజులు. ఎం.బి. శ్రీనివాసన్ లాంటివాళ్ళు మద్రాసులో సినీ వాద్యకారులకి సంఘం కట్టినప్పుడు మొదట అడిగింది కూలీ సరిగ్గా ఇవ్వమనే. కడుపు నిండినవాడే పేరు గురించి మాట్లాడతాడు అనొచ్చు. ఒప్పుకుంటాను, కూలీ ముందు. అయితే ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలన్నిటికీ వాయించిన ఫంక్ బ్రదర్స్ పేర్లు 1971 దాకా ఆల్బమ్‌ల మీద పడలేదు. మోటౌన్ పాతికేళ్ళ పండగ 1983లో చేసుకుంటే, ఆ పాటలకి నడుం లాంటి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ టికెట్ కొనుక్కుని జనంలో కూర్చుని చూశాడని చెబుతారు. కొన్ని నెలలకి పోయాడు. పేరు తెలిసినవాడిని గేటు దగ్గర ఆపరు. పేరు తెలియనివాడికి రేటు అడిగే బలం కూడా ఉండదు.

పోయినవాళ్ళకి పేరెందుకు అన్నదానికి నా దగ్గర భక్తితో కూడిన జవాబు లేదు. వాళ్ళ ఆత్మలు శాంతిస్తాయని చెప్పను. నా బాధ బతికున్నవాళ్ళ గురించే. ఐదుగురు రామారావుల్ని చూస్తూ పెరిగినవాడు సంగీతం ఒక్క మహానుభావుడి నుంచి పుడుతుందని నిజంగా నమ్ముతాడు. నమ్మి, రేపు కచేరీ పెట్టినప్పుడు పోస్టరు మీద ఒక్క మొహమే వేస్తాడు, తబలా ఆయనకి ఆటో ఛార్జీలిచ్చి పంపిస్తాడు. నేను రోజూ పనిచేసే కోడ్‌లో ఏ వరస ఎవరు రాశారో ఒక్క కమాండుతో తెలుస్తుంది. ఆ మనిషి కంపెనీ వదిలి పదేళ్ళైనా, తన వరసల్లో ఒక్కటే మిగిలినా, దాని పక్కన పేరుంటుంది. మేమేదో ధర్మాత్ములమని కాదు, రేపు ఏదైనా చెడితే అర్థం చేసుకోడానికి పనికొస్తుందని. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి చేసిన మర్యాద శివశంకరికి చెయ్యలేకపోయాం.

స్టోన్స్ కచేరీల్లో ఒక చోట జాగర్ ఆగి, వేదిక మీదున్నవాళ్ళని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తాడు. డారిల్ జోన్స్ పేరూ వస్తుంది, జనం అరుస్తారు, అతను తలవంచుతాడు. ఆ అరుపుతో అతను సభ్యుడైపోడు, వాటా రాదు. ఆ కొన్ని సెకన్లు మాత్రం బేస్ ఎక్కణ్ణుంచి వస్తోందో స్టేడియం మొత్తానికి తెలుస్తుంది. మన రేడియో అనౌన్సరు చేసిందీ ఇంతే.

మ్యూజిక్ బ్రెయిన్జ్ అని ఒక డేటాబేస్ ఉంది, వికీపీడియాలాగా ఎవరైనా చేర్చొచ్చు. పాటకి గాయకుడు, స్వరకర్త అనే కాదు, ఆ ఒక్క రికార్డింగులో ఏ వాద్యం ఎవరు వాయించారో కూడా రాసే వీలుంది. మద్రాసులో ఆ రోజుల్లో వాయించినవాళ్ళ పిల్లలు, శిష్యులు ఇంకా ఉన్నారు. చెన్నైలో, విజయవాడలో, హైదరాబాదులో, మన పక్క అపార్ట్‌మెంటులో కూడా ఉండొచ్చు. వాళ్ళ ఇళ్ళలో పాత డైరీలు, కాల్షీటు రసీదులు ఉంటాయి, లేకపోతే "ఈ బిట్టు మా నాన్నది" అనే మాటైనా ఉంటుంది. ఆ మాట రుజువా అంటే, సరిపోల్చుకోవాలి, ఇద్దరు ముగ్గుర్ని అడగాలి, పని ఉంది. రికార్డింగు పేజీ తెరిచి, సంబంధం చేర్చు అన్నచోట నొక్కి, వాద్యం అని ఎంచుకుంటే పెద్ద జాబితా వస్తుంది. అందులో వీణ ఉంది, మృదంగం ఉంది. వీణ మీద నొక్కితే పక్కన ఖాళీ పెట్టె తెరుచుకుని పేరు అడుగుతుంది.